స్లీప్ స్కోర్ 82 వచ్చినా స్లీప్ స్టడీ ఎందుకు? ఒక రాత్రి అనుభవం

మీ వాచ్ పొద్దున్నే చూపించే స్లీప్ స్కోర్‌ని మీరు ఎంతవరకు నమ్ముతారు? నేనైతే పూర్తిగా నమ్మాను. నాన్నకి వాచ్ కొనిచ్చింది నేనే. రోజూ 82, 85 వస్తుంటే, గురక గురించి అమ్మ ఎంత మొత్తుకున్నా పట్టించుకోలేదు.

ఓ రోజు రాజోలు నుంచి అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి వెళ్తూ, కాలవ గట్టు మీద బండి నడుపుతూనే నాన్న కునుకు తీశారు. అదృష్టం బాగుండి మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. డాక్టర్ స్లీప్ స్టడీ చేయించమన్నారు. "గురకక్కూడా టెస్టేంట్రా?" అన్న మనిషిని ఎలాగోలా ఒప్పించి కాకినాడ తీసుకెళ్లాను.

వెళ్లే ముందు

తలస్నానం చేసి రావాలి, నూనె రాయకూడదు. కోనసీమ మనిషిని కొబ్బరినూనె మానమనడం చిన్న విషయం కాదు! కానీ జిడ్డు ఉంటే ఎలక్ట్రోడ్లు సరిగ్గా అతుక్కోవు. పగలు పడుకోకూడదు, మధ్యాహ్నం నుంచి టీ, కాఫీ బంద్. రోజూ వేసుకునే మందులు మాత్రం డాక్టర్ చెబితే తప్ప ఆపకండి.

ఏమేం పెడతారు?

తల మీద మెదడు తరంగాలకి ఎలక్ట్రోడ్లు. కళ్ల పక్కన, గడ్డం కింద, కాళ్ల మీద మరికొన్ని. ఛాతీకి ఈసీజీ, ఛాతీకీ పొట్టకీ ఒక్కో బెల్టు, ముక్కు దగ్గర గాలి సెన్సార్, వేలికి ఆక్సిజన్ క్లిప్. సూదులేం ఉండవు. టెక్నీషియన్ పక్క గదిలోంచి కెమెరాలో చూస్తుంటారు. బాత్రూంకి వెళ్లాలంటే పిలిస్తే చాలు, వైర్లన్నీ ఊడదీయకుండా మెయిన్ కనెక్టర్ ఒక్కటి తీస్తారు. ఇంట్లో అంత బాగా నిద్ర పట్టదు, అయినా కొన్ని గంటలు పడుకుంటే సాధారణంగా డేటా సరిపోతుంది.

రిజల్ట్

ఇక్కడ చూడాల్సింది ఏహెచ్ఐ. కనీసం 10 సెకన్ల పాటు ఊపిరి ఆగడం లేదా బాగా తగ్గడం గంటకి ఎన్నిసార్లు జరిగిందో చెప్పే లెక్క. 5 లోపు నార్మల్, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాన్నకి 41. అందుకే అర్ధరాత్రి లేపి సీప్యాప్ మాస్క్ పెట్టారు. గొంతు మూసుకుపోకుండా గాలి ఒత్తిడితో తెరిచి ఉంచే మెషిన్ అది. తెల్లారేసరికి గురక లేదు.

మరి వాచ్ ఎందుకు పట్టుకోలేదు?

చాలా వాచ్‌లు కదలికలు, గుండె వేగం చూసి నిద్రని అంచనా వేస్తాయి. ఊపిరి ఆగినప్పుడు మెదడు కొన్ని సెకన్లే మేల్కొంటుంది. చెయ్యి కదలకపోతే వాచ్‌కి అది కూడా నిద్రే. 2024లో సామ్‌సంగ్, ఆపిల్ స్లీప్ ఆప్నియా ఫీచర్లకి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అవి కూడా హెచ్చరిస్తాయే తప్ప జబ్బుని నిర్ధారించవు.

మొదటి వారం నాన్న మాస్క్ పీకేసి పడుకునేవారు. ఇప్పుడు అలవాటైంది. నేను మాత్రం స్కోర్ చూడటం మానేసి, పొద్దున్నే అమ్మని అడుగుతున్నాను. మీ ఇంట్లో ఎవరైనా గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు పడుకుంటుంటే, స్కోర్ ఎంతున్నా ఒకసారి డాక్టర్‌కి చూపించండి.