కారుకి సోకులు - వారంటీకి తూట్లు!

కొత్త కారు ఇంటికి రాగానే పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, దిష్టి తీసేస్తాం. అక్కడితో మన పని అయిపోయిందనుకుంటాం. ఆ తర్వాత దానికి చేసే అలంకారాలన్నీ మగవాళ్ళ వ్యవహారమే. కానీ రిపేరు బిల్లు మాత్రం తిన్నగా మన పోపులడబ్బా దగ్గరికే వస్తుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

మా సంగతే చెబుతాను. కారు కొన్నప్పుడు కంపెనీ వారంటీ అయిపోయాక ఇంకో రెండేళ్ళు పనికొచ్చేలా ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకున్నాం. ఆ డబ్బు నేను చీటీ వేసి దాచుకున్నదే. రాత్రిళ్ళు ఊరికి వెళ్ళొస్తుంటే వెలుతురు చాలడం లేదని మావారు బజార్లో ఎక్కువ వాట్ల బల్బులు వేయించారు. పనిలో పనిగా పెద్ద మోత హారన్ కూడా! షాపతను అరగంటలో వైర్లు కోసి, ముడేసి, టేపు చుట్టేశాడు. నాలుగో ఏట ఓ రాత్రి కాలిన వాసన వచ్చి లైట్లు ఆరిపోయాయి. షోరూంకి తీసుకెళితే ఆ టేపు చుట్టిన చోటు చూపించి, "ఇది బయట చేయించిన పనమ్మా, వారంటీ వర్తించదు" అన్నారు. 18 వేలు చేతి చమురు వదిలింది. అప్పుడు తెరిచాను వారంటీ పుస్తకం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే!

ఇంతకీ వైర్లెందుకు కాలాయి? చాలా కార్లకి వచ్చే హెచ్4 రకం బల్బు 60/55 వాట్లది. బజార్లో వేసేది 100/90 వాట్లది. 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్ల కరెంటు లాగితే, 100 వాట్లది 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. కానీ తీగ మాత్రం ఆ పాతదే. అందులో పుట్టే వేడి రెండున్నర రెట్లు దాటిపోతుంది. ఇంట్లో చిన్న ప్లగ్గులో గీజరు పెడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

ఇన్సూరెన్సు ఉందిగా అనుకోకండి. ఇన్సూరెన్సు ప్రమాదాలకి, దొంగతనాలకి. వారంటీ కారు తయారీలో ఉన్న లోపాలకి. రెండూ వేరు. మనం చేయించిన మార్పు వల్ల వచ్చిన చెడుపు తయారీ లోపం కాదు గనక వారంటీలోకి రాదు. కొన్ని పుస్తకాల్లో ఆ మార్పు వల్ల చెడిన భాగానికే వారంటీ ఇవ్వమని ఉంటుంది. మరికొన్నిట్లో మార్పు చేస్తే మొత్తం వారంటీయే రద్దని ఉంటుంది. మీ పుస్తకంలో ఏముందో ముందే చూసుకోవాలి.

సీటు కవర్లు, కాళ్ళ కింద మ్యాట్లు, సన్ షేడ్ల వల్ల సాధారణంగా ఇబ్బంది ఉండదు. వైరు కోసే పని ఏదైనా, అంటే మ్యూజిక్ సిస్టం, రివర్స్ కెమెరా, అదనపు లైట్లు, అన్నిటితోనూ జాగ్రత్త అవసరం. కంపెనీ సైజుని మించిన వెడల్పాటి టైర్లు వేస్తే బేరింగులు, సస్పెన్షన్ మీద భారం పడుతుంది. బయట సీఎన్‌జీ కిట్ పెట్టిస్తే ఇంజను వారంటీకి ముప్పు. ఆ కిట్‌ని ఆర్.సి.లో ఎక్కించాలి, ఇన్సూరెన్సు వాళ్ళకీ చెప్పాలి. మన అమ్మాయిలు నడిపే స్కూటర్లకీ ఇదే వర్తిస్తుంది.

చట్టం సంగతీ ఉందండోయ్. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ తయారుచేసినప్పటి వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ముందు భాగంలో బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. ఆ గార్డులుంటే గుద్దుకున్నప్పుడు ఎయిర్ బ్యాగులు సరిగ్గా విచ్చుకోకపోవచ్చు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, ప్రాణం పోతే?

మరి ఏం చేయాలి?

* ఏదైనా బిగించే ముందు షోరూంలో అడగండి. "ఏం ఫర్వాలేదు" అన్న నోటిమాట చాలదు, కాగితం మీద రాయించుకోండి.

* కంపెనీ యాక్సెసరీనే కొనండి. బిల్లు మీద పార్టు నంబరు ఉందో లేదో చూడండి. షోరూంలో అమ్మేవన్నీ కంపెనీవే కాకపోవచ్చు.

* బిల్లులు, సర్వీసు పుస్తకం, వారంటీ కాగితాలు రేషన్ కార్డు దాచినట్టు ఒకేచోట దాచండి. సర్వీసు తేదీ తప్పినా పేచీ పెడతారు.

* వారంటీ ఇవ్వమంటే ఊరుకోకండి. "ఏ నిబంధన కింద కాదంటున్నారు? ఈ మార్పు వల్లే ఇది చెడిందని రాసివ్వండి" అని అడగండి. లైట్లు మార్చిన పాపానికి కిటికీ అద్దం మోటారు కూడా కాదంటే అడిగే హక్కు మనకుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళవచ్చు.

మా ఇంట్లో ఇప్పుడో పద్ధతి పెట్టుకున్నాం. కారుకి ఏం బిగించాలన్నా ముందు వారంటీ పుస్తకం నా చేతికి రావాలి. మావారు "నీకెందుకోయ్ ఇవన్నీ" అనడం మానేశారు. 18 వేల పాఠం కదా మరి!