వసంతంలో వణుకు ఎందుకు?

మార్చి నెల వచ్చేసరికి మన ఊళ్ళలో ఎండ చురుక్కుమంటుంది. అదే రోజుల్లో కాశ్మీరు వాతావరణ సూచన వినండి: లోయలో జల్లులు, కొండలపై మంచు, పగటి ఉష్ణోగ్రత తగ్గుదల!

వసంతంలో ఈ చలి ఎక్కడిది? మధ్యధరా సముద్రం వైపు పుట్టిన కొన్ని అల్పపీడనాలు, చాలా ఎత్తున వీచే పడమటి గాలులతో ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల మీదుగా హిమాలయాలను చేరుతాయి. వీటినే పశ్చిమ అలజడులు అంటారు. తేమగాలి కొండవాలు ఎక్కుతూ చల్లబడి మేఘమవుతుంది. మేఘం ఎండను ఆపుతుంది. చినుకులు కొన్ని దారిలోనే ఆవిరైపోతూ, అందుకు కావలసిన వేడిని గాలి నుంచే తీసుకుంటాయి. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి విసనకర్రతో విసరండి, మట్టం దిగడం మీరే చూస్తారు. (జ్వరం చూసే థర్మామీటరు కాదు సుమా, ప్రయోగశాలది!)

ఏప్రిల్‌లో అక్కడ ఆపిల్ చెట్లు పూతమీద ఉంటాయి. చలివానలో తేనెటీగలు గూడు విడిచి రావు. పుప్పొడి పువ్వు నుంచి పువ్వుకు చేరకపోతే కాయ ఎలా కడుతుంది?

వాన వెలిస్తే గండం గడిచినట్లేనా? కాదు. మేఘమనే దుప్పటి తొలగగానే నేలలోని వేడి రాత్రంతా ఆకాశంలోకి పోతుంది. తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగువకు పడితే, విచ్చిన పువ్వు లోపలి అండాశయం గడ్డకట్టి నల్లబడుతుంది. కనుక పూతకాలంలో "రేపు ఆకాశం నిర్మలం" అన్న సూచన వినగానే తోట రైతు సంతోషించడానికి లేదు. ఆ రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఎంతో కూడా వినాలి.