మాంసకృత్తుల పాఠమూ, మన ఇంటి సంబంధాలూ

మన పిల్లలలో కొందరు బి.ఎస్సీ.లో జీవరసాయనశాస్త్రం తీసుకుంటున్నారు. "దీనితో ఏమి ఉద్యోగం వస్తుంది?" అని పెద్దలు అడగడం సహజమే. దానికి జవాబు చెప్పేటంత చదువు నాది కాదు. మెట్రిక్యులేషన్‌తో ఆగిన గుమాస్తాను. అయితే మా అమ్మాయి మొదటి సంవత్సరపు పాఠాలు పైకి చదువుతూవుంటే విన్నమీదట, ఈ చదువు మన ఇండ్లకు చాలా దగ్గరిదని తోచింది.

ఇంట్లో మాంసకృత్తులు, మరాఠీ బడిలో ప్రథినే, కాలేజీలో ప్రోటీన్లు. మాటలు మూడైనా వస్తువు ఒక్కటే. అమైనో ఆమ్లాలనే 20 రకాల పూసలను వరుసగా గుచ్చితే ప్రోటీను. ఏ పూస తరువాత ఏది రావాలో డి.ఎన్.ఏ.లో వ్రాసివుంటుంది. అణుజీవశాస్త్రానికి ఇవే ఓనమాలు.

ఒక్క పూస మారితే ఏమవుతుందో మన చంద్రపూరు, గడ్చిరోలి జిల్లాలకు తెలిసిన సికిల్ సెల్ జబ్బే చెబుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసుకు 146 పూసలు. ఆరవచోట గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలీన్ పడితే, ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణాలు కొడవళ్ళలా వంగి సన్నని నాళాలలో అడ్డుపడతాయి. ఒంటినొప్పులు, రక్తహీనత పట్టుకుంటాయి. తేడా హిమోగ్లోబిన్‌లోనే వున్నదని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపింది. 1957లో ఇంగ్రామ్ ఆ ఒక్క పూసను పట్టుకున్నాడు.

ఈ లక్షణం తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే వస్తే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే వుంటాడు. అటువంటివారిద్దరికి పెండ్లయితే ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు చేసుకునే మనకిది మరీ ముఖ్యం. ఒకే తాత నుంచి రెండువైపులా దిగవచ్చును గదా!

మా బంధువులలో ఒక మేనరికం మాట వచ్చినప్పుడు మా అమ్మాయి ముందు రక్తపరీక్ష చేయించమన్నది. "మన రక్తానికేం తక్కువే?" అని పెద్దావిడ నొచ్చుకున్నది. చివరకు చేయించారు. అబ్బాయికి లక్షణం వున్నది, పిల్లకు లేదు. కనుక వారి బిడ్డలకు ఆ లక్షణం రావచ్చునేగాని జబ్బు రాదు. పెండ్లి జరిగిపోయింది. పరీక్ష సంబంధాలు చెడగొట్టడానికి కాదని అందరికీ అర్థమైంది.

ఈ రోగులకు సాధారణంగా ఇచ్చే ఫోలిక్ ఆమ్లపు మాత్ర వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడవసారి గాని గట్టెక్కలేదు. సోదరులను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నాడు. అమెరికాలో లెడర్లే సంస్థలో ఆయన నడిపిన బృందం 1940ల నడుమ ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది; స్ప్రూకు కూడ అది మందయింది. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. నేటికీ విద్యార్థులు దాన్ని చదువుతారు.

2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది. సంబంధం కుదుర్చుకునే ముందే సర్కారు ఆసుపత్రిలో ఈ పరీక్ష గురించి అడగండి. పిల్లలు ఈ శాస్త్రం చదువుతామంటే, ఒకసారి వారి పాఠం కూర్చుని వినండి.