చెమటకు కూలి సరే, ఊపిరికి, మర్యాదకు బాధ్యులెవరు?

పనివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశం మన మసీదుల్లో తరచుగా వినిపిస్తుంది. వేళకు కూలి ఇచ్చిన యజమాని తన బాధ్యత తీరిపోయిందనుకుంటాడు. కాని ప్రవక్త (స) బోధ అంతటితో ఆగలేదు. మీ చేతికింద పనిచేసేవారు మీ సోదరులేనని, వారి శక్తికి మించిన పని చెప్పవద్దని, చెప్పవలసివస్తే మీరూ సాయం పట్టాలని ఆయన ఉపదేశించారు. మనిషిపై అతని దేహానికి కూడా హక్కు ఉందన్నారు. అంటే పొద్దున్నే పనిలోకి వెళ్ళిన మనిషి సాయంత్రం కూలి డబ్బుతోపాటు ఆరోగ్యాన్ని, మర్యాదను కూడా ఇంటికి తెచ్చుకోగలగాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ఇది ఎంతవరకు జరుగుతున్నదో మనం ఆలోచించాలి.

దూది ధూళి

దూది ఏకడం, పరుపులు కుట్టడం ఈ ప్రాంతపు నూర్‌బాషా కుటుంబాలకు తరతరాల వృత్తి. 'లద్దాఫ్' అన్న పేరుకు మూలం 'నద్దాఫ్' అనే అరబీ మాట. దూది ఏకేవాడని దాని అర్థం. పూర్వం దూదేకే విల్లు భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేవారు. ఇంటి అరుగు మీదో, చెట్టు నీడనో పని సాగేది. ధూళి చాలావరకు గాలికి కొట్టుకుపోయేది. కరెంటుతో నడిచే దూదేకే మిషను వచ్చాక గంటల పని నిమిషాల్లో అయిపోతున్నది. కాని ఆ మిషను నాలుగు గోడల మధ్య తిరుగుతుంది. లేచిన ధూళి గదిలోనే ఉండిపోతుంది. పాత పరుపులు విప్పి ఆ దూదినే మళ్ళీ ఏకినప్పుడు ధూళి మరీ ఎక్కువ. ఇల్లూ దుకాణమూ ఒకటే అయినచోట ఆ గాలినే పిల్లలు, ముసలివారు కూడా పీలుస్తారు.

ఏళ్ళ తరబడి పత్తి ధూళి పీల్చినవారికి వచ్చే జబ్బును వైద్యులు బిస్సినోసిస్ అంటారు. ధూళిలో కలిసివచ్చే ఆకుల పొడి, సూక్ష్మజీవుల విషపదార్థాలు ఊపిరి గొట్టాలను బిగదీస్తాయి. దీనికి ఒక గుర్తు ఉంది. సెలవు తర్వాత మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజున ఛాతీ పట్టేసినట్లవుతుంది, దగ్గు, ఆయాసం వస్తాయి. ఆదివారం సెలవుండే ఇంగ్లండు నూలు మిల్లుల్లో ఇది సోమవారం కనిపించేది. శుక్రవారం దుకాణం మూసే మనవారికి శనివారం కనిపిస్తుంది. తొలిదశలోనే ధూళికి దూరమైతే తగ్గుతుంది. నిర్లక్ష్యం చేస్తే ఆయాసం శాశ్వతమవుతుంది. బీడీ, సిగరెట్టు అలవాటుంటే మరింత ముదురుతుంది.

దీన్ని మామూలు ఉబ్బసం అనుకుని ఊరుకునేవారే ఎక్కువ. ఎక్స్‌రేలో ఇది ప్రత్యేకంగా బయటపడదు. గొట్టంలోకి ఊది ఊపిరి బలం కొలిచే పరీక్ష కావాలి. అందుచేత డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు రోగంతోపాటు వృత్తి కూడా చెప్పాలి. చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలో బిస్సినోసిస్ ఉంది. అయినా ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న దుకాణానికి ఫ్యాక్టరీల చట్టం వర్తించలేదు, ఇన్‌స్పెక్టరు రాలేదు. తనిఖీ లేనిచోట యజమాని దైవభీతే పనివాడికి రక్ష.

చెరువు గట్టు మీద నివాసం

2021 జూలైలో రేపల్లె మండలం లంకెవానిదిబ్బలో రొయ్యల చెరువు దగ్గర షెడ్డులో నిద్రపోతున్న ఆరుగురు ఒడిశా కూలీలు అగ్నిప్రమాదంలో ప్రాణాలు కోల్పోయారు. పొట్టకూటికి అంతదూరం వచ్చినవారు పనిచేసే చోటనే పడుకోవలసివచ్చింది.

చెరువు గట్టున షెడ్డు అంటే మేత బస్తాలకు, మందులకు, కరెంటు సామానుకు నీడ. మనిషి పడక కూడా అందులోనే అయితే అక్కడ ఆరోగ్యమూ ఉండదు, ఏకాంతమూ ఉండదు. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి అడిగి, సలాం చెప్పి ప్రవేశించాలని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా బోధిస్తుంది. విశ్రాంతి వేళల్లో ఏకాంతాన్ని గౌరవించమని చెబుతుంది. తలుపే లేని షెడ్డులో బతికే కూలీ దగ్గర అనుమతి ఎక్కడ నిలబడి అడగాలి? నిద్రపోవడానికి వేరే గది, మూసుకోవడానికి తలుపు ఇవ్వడం దానధర్మం కాదు. అది అతని హక్కు.

నిలబడే ఉద్యోగం, కెమెరా కన్ను

పట్టణాల్లో మన ఆడపిల్లలు బట్టల దుకాణాల్లో, షోరూముల్లో పనికి వెళ్తున్నారు. రోజంతా నిలబడే ఉండే ఉద్యోగంలో కాళ్ళ వాపులు, నడుము నొప్పి మామూలే. మరుగుదొడ్డి దూరమైతే, లేదా వెళ్ళడానికి మగ సూపర్‌వైజరును అడగవలసివస్తే, సిగ్గుతో మంచినీళ్ళు తాగడం మానేస్తారు. దానితో మూత్రనాళ వ్యాధులు వస్తాయి. మర్యాదకు తగిలిన దెబ్బ ఆరోగ్యానికి ఎలా తగులుతుందో చూడండి. కేరళలో దుకాణాల్లో పనిచేసే స్త్రీలు కూర్చునే హక్కు కోసం పోరాడగా 2018లో ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. ఒక స్టూలు వేయడానికి చట్టం వచ్చేదాకా ఆగాలా?

దొంగతనాల భయంతో దుకాణదారు కెమెరా పెట్టడాన్ని మనం తప్పుపట్టం. గల్లాపెట్టె మీద, సరుకు మీద కెమెరా ఉండవచ్చు. కాని పనివారు అన్నం తినే చోట, నమాజు చేసుకునే మూల, బురఖా తీసి పెట్టుకునే గదిలో దానికి పని లేదు. ఒకరి రహస్యాలను ఆరా తీయవద్దని హుజురాత్ సూరా హెచ్చరిస్తుంది. దేశ చట్టం కూడా ఇదే దారిలో ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. బట్టలు మార్చుకునే స్త్రీని చాటుగా చూడడం, చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం.

మనం చేయగలిగింది

దూదేకే మిషను పక్కనే ధూళిని బయటకు లాగే ఫ్యాను బిగించడం, గది ఊడ్చేముందు నీళ్ళు చిలకరించడం, ముక్కుకూ నోటికీ మంచి మాస్కు కట్టుకోవడం, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకపోవడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. దుకాణదారు ఒక స్టూలు, ఆడవారికి లోపలినుంచి గడియ పడే మరుగుదొడ్డి ఏర్పాటు చేస్తే చాలా బాధ తీరుతుంది. పిల్లను పనికి పంపే తల్లిదండ్రులు జీతమెంతని అడగడంతోపాటు ఈ వసతులు ఉన్నాయా అని కూడా అడగాలి. మసీదు కమిటీలు ఏడాదికొకసారి మంచి డాక్టరును పిలిపించి దూది పనివారికి ఊపిరి పరీక్షలు చేయిస్తే అది గొప్ప సేవ.

ఎవరికీ హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్నది మన ధర్మంలో మూలసూత్రం. పనివాడి ఊపిరి, పనిమనిషి మర్యాద యజమాని చేతిలో ఉన్న అమానత్. ప్రళయదినాన లెక్క అడిగేది కూలి డబ్బు గురించి మాత్రమే కాదు. ఆ అమానత్‌ను భద్రంగా తిరిగి అప్పగించే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!