రైలు పట్టాల ఊరిలో చదువుల దారి

పదవ తరగతి ఫలితాలు వెలువడిన వారం రోజులలో మన ఉద్యోగుల కాలనీలలో దాదాపు ప్రతి ఇంటా ఒకే చర్చ జరుగుతుంది. అమ్మాయిని సైన్సులో చేర్చాలా, కామర్సులోనా? అబ్బాయికి ఐ.టి.ఐ. మేలా, పాలిటెక్నిక్ మేలా? ఒక పంపు కొనవలసి వస్తే మూడు కొటేషన్లు తెప్పించి, సాంకేతిక పరిశీలన జరిపిన మీదటనే సంతకం చేసే మనం, పిల్లల నలభై ఏళ్ల జీవితానికి సంబంధించిన నిర్ణయాన్ని మాత్రం పొరుగింటివారి మాట మీద, మేనమామ గారి సలహా మీద తీసుకుంటాము. ఈ లోటును పూరించడానికి ఏర్పడినదే పాఠశాలలో కౌన్సెలర్ పదవి. ఆ పని ఎటువంటిదో, ఎందుకు అవసరమో ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల పరిస్థితిని ఉదాహరణగా తీసుకొని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కార్ఖానా చుట్టూ పెరిగిన ఊరు

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూర్‌ను పెద్ద జంక్షనుగా మలచి, అక్కడ ఇంజన్లు, పెట్టెలు మరమ్మతు చేసే కార్ఖానాను నెలకొల్పింది. కోస్తా రైలు మార్గం కలకత్తాతో కలిసిన తరువాత ఉత్తరాంధ్ర జిల్లాల నుండి తెలుగువారు కూలి పనికి, ఫిట్టరు పనికి, ఆఫీసు కొలువులకు అక్కడికి తరలి వెళ్లారు. 1920వ దశకంలో ఆ రైల్వే కార్మికుల సంఘానికి నాయకత్వం వహించిన వి.వి. గిరి గారు 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు. మథురాకాటి, నింపురా వంటి పేటలలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఖరగ్‌పూర్‌లోని తెలుగువారి సంఖ్యను దృష్టిలో ఉంచుకొని, పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించింది.

1072 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోనే పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించినవి. ఊరికి ఆనుకొని హిజ్లీలో, స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన శిబిర భవనంలో, దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైనది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారు దానికి లాంఛనంగా ప్రారంభోత్సవం చేశారు. ఒకవైపు కార్ఖానా, మరొకవైపు ఐ.ఐ.టి. ఈ రెండింటి నడుమ పెరిగే పిల్లవానికి లోకంలో దారులు ఇవి రెండే అనిపించడం సహజం. మొదటిది తండ్రి దారి, రెండవది అందని దారి. నడుమనున్న పది దారులను చూపించేవారు కావాలి.

తండ్రి ఉద్యోగం కొడుక్కు రాదు

రైల్వే కాలనీలలో ఒక నమ్మకం తరతరాలుగా వేళ్లూనింది. నాన్న రిటైరయ్యేలోగా కొడుకును ఎలాగో లోపల వేయిస్తారని. దానికి కొంత ఆధారమూ లేకపోలేదు. 2004లో డ్రైవర్ల కోసం, గ్యాంగ్‌మన్ల కోసం ఒక పథకం వచ్చింది. నిర్ణీత వయస్సులో ముందుగా పదవీ విరమణ చేస్తే, అర్హతగల సంతానంలో ఒకరికి ఉద్యోగం ఇచ్చేవారు. 2010లో భద్రతకు సంబంధించిన మరికొన్ని ఉద్యోగాలకు దానిని విస్తరించారు. ఇది దొడ్డిదారి నియామకమని పంజాబ్, హర్యానా హైకోర్టు తప్పుపట్టింది. 2017 అక్టోబరులో పథకం నిలిచిపోయింది. 2018లో పూర్తిగా రద్దయినది. నేడు ఉద్యోగి మరణం వంటి విపత్కర పరిస్థితులలో కారుణ్య నియామకం తప్ప, వారసత్వమనే మాట లేదు.

అలాగే ఇంటర్మీడియట్ స్థాయి చదువుతో జమాల్‌పూర్‌లో చేరి రైల్వే మెకానికల్ అధికారిగా తయారయ్యే స్పెషల్ క్లాస్ అప్రెంటిస్ విధానం 1927లో మొదలై ఎందరికో వరమైనది. దాని చివరి పోటీ పరీక్ష 2015లో జరిగింది. దారులు ఈ విధంగా మూతపడుతుంటాయి, కొత్తవి తెరుచుకుంటుంటాయి. తండ్రికి తెలిసినది తన కాలపు టైంటేబులు మాత్రమే. ఈనాటి టైంటేబులు చేతపట్టుకొని కూర్చునేవారే కౌన్సెలర్.

ఈ శాస్త్రం పుట్టుక

వృత్తి మార్గదర్శకత్వానికి పితామహునిగా చెప్పబడే ఫ్రాంక్ పార్సన్స్ అమెరికా దేశస్థుడు. ఆయన సివిల్ ఇంజనీరింగ్ చదివి, మొదట ఒక రైల్వేలో పనిచేశాడు. ఆర్థిక మాంద్యంలో ఆ కంపెనీ దివాళా తీయగా ఉద్యోగం పోగొట్టుకొని, ఉపాధ్యాయుడుగా, న్యాయవాదిగా పలు వృత్తులు చేపట్టాడు. 1908లో బోస్టన్ నగరంలో యువకులకు సలహాలిచ్చే కార్యాలయం స్థాపించాడు. ఆయన సూత్రంలో మూడు మెట్లు ఉన్నవి. తన శక్తులను, ఇష్టాయిష్టాలను తాను తెలుసుకోవడం మొదటిది. వృత్తులు ఏమేమి కోరుతాయో, ఏమిస్తాయో తెలుసుకోవడం రెండవది. ఈ రెండింటినీ తర్కబద్ధంగా పొందుపరచడం మూడవది. నూరేళ్లు దాటినా ఈ సూత్రం పాతబడలేదు.

మన దేశంలో ఈ కృషి బెంగాల్‌లోనే మొదలు కావడం గమనార్హం. 1938లో కలకత్తా విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్ర విభాగంలో విద్యా, వృత్తి మార్గదర్శకత్వంపై పరిశోధనకు ఒక శాఖ ఏర్పడింది. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ ఉన్నత పాఠశాలలలో మార్గదర్శకుల అవసరాన్ని నొక్కి చెప్పింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఈ పని ప్రాథమిక దశ నుండే జరగాలని కోరింది. సిఫారసులకు కొదవ లేదు. కొదవల్లా బడిలో ఆ కుర్చీలో కూర్చునే మనిషికే.

కౌన్సెలర్ చేసే పని

కౌన్సెలర్ అంటే ‘నీవు ఇంజనీరువి కా, నీవు డాక్టరువి కా’ అని ముద్ర వేసే జ్యోతిష్కుడు కాదు. ఎనిమిది, తొమ్మిది తరగతులలో పిల్లల అభిరుచులను, సామర్థ్యాన్ని పరీక్షల ద్వారా, సంభాషణ ద్వారా గ్రహించడం, వారి చేతనే రాయించడం ఆయన మొదటి పని. పదవ తరగతిలో ఏ కోర్సు ఏ దారికి తీస్తుందో పటం గీసి చూపుతారు. పదకొండు, పన్నెండు తరగతులలో ప్రవేశ పరీక్షలు, గడువు తేదీలు, విద్యార్థి వేతనాలు, బ్యాంకు రుణాలు, ధ్రువపత్రాల విషయం చూస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, మొదటి కోరిక తీరకపోతే రెండవది, మూడవది ఏమిటో ముందే ఆలోచింపజేస్తారు.

ఖరగ్‌పూర్ తెలుగు పిల్లవాని విషయంలో ఈ పని ఎంత సూక్ష్మమైనదో కొన్ని ఉదాహరణలు చూద్దాం.

మొదటిది కంటి చూపు. రైలు నడపాలనే కోరికతో ఎందరో కుర్రవాళ్లు ఐ.టి.ఐ.లో చేరుతారు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి ఏ-1 వైద్య ప్రమాణం కావాలి. అంటే కళ్లద్దాలు లేకుండానే రెండు కళ్లకూ పూర్తి దూరదృష్టి, రంగులను గుర్తించే శక్తి ఉండాలి. రాత పరీక్ష నెగ్గి, చివరకు వైద్య పరీక్షలో వెనుదిరిగిన వాని దుఃఖం చెప్పనలవి కాదు. తొమ్మిదో తరగతిలోనే ‘ముందు కళ్లు చూపించుకొని రా నాయనా’ అని చెప్పేవారుంటే ఆ నాలుగైదేళ్లు మిగులుతాయి. చూపు సరిపోనివానికి రైల్వేలోనే వేరే వైద్య ప్రమాణాలు గల ఉద్యోగాలు ఉన్నవి.

రెండవది అప్రెంటిస్ శిక్షణ. కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరగానే ఉద్యోగం వచ్చినట్లే అని ఇంట్లో మిఠాయిలు పంచుతారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అది శిక్షణ మాత్రమే, ఉద్యోగ హామీ కాదు. శిక్షణ పూర్తిచేసిన వారికి రైల్వే మొదటి స్థాయి ఖాళీలలో 20 శాతం ప్రత్యేకించినా, రాత పరీక్ష తప్పదు.

మూడవది స్థానికత. ‘ఇక్కడ కాకపోతే మన ఊరు వెళ్లి విశాఖలో చదువుతాడు లెండి’ అని కొందరు తల్లిదండ్రులు ధీమాగా ఉంటారు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి ఆంధ్రలో 85 శాతం సీట్లు స్థానికులకే చెందుతాయి. స్థానికులు కావాలంటే, ప్రధానంగా, అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా అక్కడ చదివి ఉండాలి. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన స్థానికత రాదు. ఆ సంగతి పన్నెండో తరగతి అయిన తరువాత తెలిస్తే ప్రయోజనం లేదు.

నాలుగవది కుల ధ్రువపత్రం. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు కులాల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. తాతగారి కాలంలో శ్రీకాకుళం నుండి వలస వచ్చిన కుటుంబానికి ఏ రాష్ట్రపు పత్రం వర్తిస్తుందో, దానికి ఏయే ఆధారాలు కావాలో తొమ్మిదో తరగతిలోనే విచారించి ఉంచుకోవడం మంచిది.

ఐదవది భాష. నీట్ పరీక్ష 2017 నుండి, జె.ఇ.ఇ. మెయిన్ 2021 నుండి తెలుగులోనూ రాయవచ్చు. అయితే ఏ రాష్ట్రపు పరీక్షా కేంద్రంలో ఏ భాష లభిస్తుందనేది దరఖాస్తు సమయంలోనే సరిచూసుకోవాలి. ఇంట తెలుగు, వీధిన బెంగాలీ, రైల్వేలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. ఈ పిల్లలు దీనిని లోపంగా భావిస్తారు. నాలుగు భాషలు తెలియడం అర్హత అని వారికి నచ్చజెప్పడం కూడా కౌన్సెలర్ పనే.

తల్లిదండ్రులతో మాట

పిల్లవానితో మాట్లాడడం తేలిక, తండ్రితో మాట్లాడడం కష్టం. ‘మావాణ్ణి ఎలాగైనా ఇంజనీరింగులో వేయాలండీ, వాడు మా ఇంట్లో మొదటివాడు’ అని తండ్రి పట్టుబడతాడు. ‘మీ అబ్బాయికి లెక్కలంటే భయమే గాని చేతిపనిలో మంచి నేర్పున్నదండీ. ముందు పాలిటెక్నిక్‌లో చేర్చండి. డిప్లొమా అయ్యాక జెలెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో చేరవచ్చు’ అని చెప్పగల కౌన్సెలర్ ఆ ఇంటికి చేసే మేలు ఇంతింత కాదు. కోరిక అదే, చేరే దారి వేరు. 1949 నుండి ఉన్న ఖరగ్‌పూర్ కళాశాలలో డిగ్రీ చదివి పోటీ పరీక్షలు రాయడం కూడా గౌరవమైన దారే. ఆడపిల్లల విషయంలో ఈ సంభాషణ మరింత ముఖ్యం. ‘పెళ్లి చేసే పిల్లకు అంత ఖర్చెందుకు’ అనే మాటకు బడి నుండి ఒక పెద్దమనిషి బదులు చెప్తే తల్లికి కొండంత అండ.

మనస్సు మీద ఒత్తిడి

వృత్తి సలహా, మానసిక ధైర్యం విడివిడి విషయాలు కావు. తనకు సరిపడని చదువులో ఇరుక్కున్న పిల్లలు లోలోపల ఎంత నలిగిపోతారో వార్తాపత్రికలు తరచు గుర్తుచేస్తూనే ఉన్నవి. విశాఖపట్నంలో చదువుకోవడానికి వచ్చిన బెంగాల్ విద్యార్థిని మరణానికి సంబంధించిన వ్యాజ్యంలో, 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను వేర్వేరు బ్యాచీలుగా విడదీయరాదని పేర్కొన్నది. ఈ ఆదేశం కాగితంపై నిలిచిపోకుండా చూడడం తల్లిదండ్రులుగా మన బాధ్యత.

మనం చేయదగినవి

పిల్లల బడిలో కౌన్సెలర్ ఉన్నారా అని తల్లిదండ్రుల సమావేశంలో అడుగుదాం. లేకపోతే ఉపాధ్యాయులలో ఒకరికైనా ఆ శిక్షణ ఇప్పించమని కోరుదాం. 2015లో ప్రారంభమైన జాతీయ కెరీర్ సేవ వంటి ప్రభుత్వ సదుపాయాలను పిల్లల చేత చూపించుదాం. మన సంస్థలో వెల్డరు నుండి అకౌంట్స్ అధికారి దాకా, నర్సు నుండి భద్రతాధికారి దాకా వందల వృత్తులవారు ఉన్నారు. నెలకొక శనివారం ఇద్దరు ముగ్గురు వెళ్లి తమ పని ఎటువంటిదో, దానికి ఏం చదివారో, అందులోని కష్టసుఖాలేమిటో పిల్లలకు దాపరికం లేకుండా చెప్తే చాలు. అందుకు ఖర్చు లేదు. కావలసినది ఓపిక మాత్రమే.

రైలు ఏ లైనులోకి పోవాలో నిర్ణయించేది పాయింట్లు. బండి దాటిన తరువాత పాయింట్లు మార్చి లాభం లేదని రైల్వే ఊరి పిల్లలకు వేరే చెప్పనవసరం లేదు. పదవ తరగతికి ముందే, తీరికగా, తెలిసినవారితో సంప్రదించి పిల్లల అభీష్టం మేరకు దారి ఏర్పరచడం మన కర్తవ్యం. ఆ పైన బండి నడపవలసినది వారే.