ఏడడుగుల పడవ

ఇంగ్లండ్ నడిమి జిల్లాల కాలువల్లో తిరిగే నారోబోట్ పొడవు 70 అడుగుల దాకా ఉంటుంది. వెడల్పు మాత్రం 6 అడుగుల 10 అంగుళాలు. లోపల మంచం అడ్డంగా వేస్తే నడవడానికి దారి మిగలదు. ఈ కొలతే ఆ పడవ కొంప ముంచిందని, ఇంత ఇరుకు పడవ రైలుతోనూ లారీతోనూ పోటీ పడలేకపోయిందని రవాణా చరిత్ర గురించి మాట్లాడేవాళ్లు తరచూ అంటారు. ఆ మాట సగమే నిజం. సరుకు పడవగా దాని ప్రాణం తీసిన ఇరుకుతనమే తరవాత దానికి రెండో బతుకునిచ్చింది. ఈ రెండు నిజాలూ పక్కపక్కన కనిపించేది చలికాలంలో. కాలువ గడ్డకట్టేదీ, ఖాళీ చేసి మరమ్మతు చేసేదీ, ఇనప పొయ్యి ఒక్కటే పడవంతా వెచ్చబెట్టేదీ అప్పుడే. పడవను మాత్రమే చూస్తే ఈ కథ అర్థం కాదు. పడవ, లాకు, గట్టు మీది బాట, ఎక్కడో కొండల్లోని చెరువు, ఈ నాలుగూ కలిసి ఒకే యంత్రం. ఆ యంత్రం ఏ లెక్క మీద పుట్టిందో ముందు చూడాలి.

1761లో వర్స్‌లీ బొగ్గు గనుల నుంచి మాంచెస్టర్ వైపు బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్ తవ్వించిన కాలువ తెరుచుకుంది. దాని వల్ల పేరు మోగిన జేమ్స్ బ్రిండ్లీ పెద్దగా బడి చదువు లేని మనిషి, నీటి మరలు బిగించడంలో చేయి తిరిగినవాడు. ఆనాటి గతుకుల దారుల్లో గుర్రం బండి మీద లాగగలిగేది ఒకటి రెండు టన్నులు. అదే గుర్రం గట్టు మీద నడుస్తూ తాడుతో లాగితే నీటి మీద 25 టన్నులు కదిలేవి. తేలే బరువుకు గుంటల్లో దిగబడే చక్రాలు ఉండవు. నీటి అడ్డగింపు కూడా వేగం తక్కువైనప్పుడు చాలా తక్కువ, వేగం పెరిగేకొద్దీ దాదాపు దాని వర్గంగా పెరుగుతుంది. పైగా కాలువ ఇరుకు, లోతు తక్కువ. పడవ ముందుకు తోసిన నీరు దాని పక్కల నుంచే వెనక్కి రావాలి. తొందరపడితే పడవ వెనకభాగం కిందికి కుంగుతుంది, అల లేచి గట్టును కోస్తుంది. ఈనాటికీ ఆ కాలువల్లో గంటకు 4 మైళ్లు దాటకూడదన్న నియమం ఉన్నదందుకే. మనిషి నడకతో సమానమైన ఆ వేగాన్ని నీటి స్వభావమే నిర్ణయించింది.

బ్రిడ్జ్‌వాటర్ తొలి కాలువ సమతలంగా సాగింది. 1766లో తలపెట్టిన ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ కొండలు దాటాలి. దానికి పట్టుబట్టినవాళ్లలో పింగాణీ తయారీదారు జొసయా వెడ్జ్‌వుడ్ ఒకడు. గతుకుల బాటలో ఆయన పాత్రలు గమ్యం చేరేలోగా పగిలిపోయేవి. మధ్యలో హేర్‌కాజిల్ కొండ అడ్డు. దాని కింద సుమారు 2.6 కిలోమీటర్ల సొరంగం తవ్వడానికి 11 ఏళ్లు పట్టింది. 1777లో అది తెరుచుకునేసరికి బ్రిండ్లీ చనిపోయి అయిదేళ్లు. సొరంగం సన్నగా ఉంటేనే ఖర్చు భరించగలరు. అందుకే అందులో గుర్రానికి బాట కూడా పెట్టలేదు. గుర్రాన్ని విప్పి కొండ మీదుగా నడిపించి, మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని సొరంగం గోడలను కాళ్లతో తన్నుకుంటూ రెండు మూడు గంటలకు అవతల తేలేవారు. పడవ ఏడడుగులకు కుదించుకోవడానికి మొదటి కారణం ఈ రాయి. రెండో కారణం నీళ్లు.

గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్లకు లాకు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక పడవల రాకపోకలకు కాలువల మీద కట్టిన ఆ నిర్మాణాలతో పాటే ఆ మాటా తెలుగైపోయింది. రెండు తలుపుల మధ్య ఒక గది. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూసి, నీరు నింపితే పైకి, వదిలితే కిందికి. తలుపు రెక్కలు ఎగువ వైపుకు గుడి కప్పులా కలుసుకుంటాయి కాబట్టి ఆగిన నీటి ఒత్తిడే వాటిని బిగించి మూస్తుంది. ఇంజను అక్కర్లేదు, మనిషి భుజబలం చాలు. అయితే పడవ దిగిన ప్రతిసారీ ఒక గదినిండా నీరు కిందికి పోతుంది. 72 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు తేడా అనుకుంటే అది దాదాపు లక్ష లీటర్లు. ఒక పడవ మిట్ట దాటాలంటే ఎక్కడానికొకటి, దిగడానికొకటి, రెండు గదుల నీరు ఆ మిట్ట నుంచే రావాలి. మన డెల్టా కాలువల వెనక గోదావరి ఉంది, కృష్ణ ఉంది. బర్మింగ్‌హామ్ లాంటి మిట్ట ఊరి వెనక పెద్ద నదేదీ లేదు. వాన నీటిని చెరువుల్లో పట్టి, బంకమట్టి తొక్కి మెత్తిన కాలువలోకి పొదుపుగా వదలాలి. ఇరుకు లాకు ఆ పొదుపు రూపం.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 14 అడుగుల లాకులో రెండు పడవలు పక్కపక్కన పడతాయి కదా, టన్నుకు పట్టే నీరు ఒకటే కదా అని. ఫ్రాన్స్ 1879లో లాకులను 39 మీటర్ల పొడవు, 5.2 మీటర్ల వెడల్పున ఒకే కొలతకు తేవాలని చట్టం చేసింది, దాంతో అక్కడి పడవలు 300 టన్నులు మోశాయి. బ్రిండ్లీ ముందుచూపు లేక ఒక దేశాన్ని ఏడడుగుల్లో బంధించాడంటారు. టన్నుకు పట్టే నీటి లెక్క సరైనదే, కానీ ప్రతిసారీ జత దొరికితేనే. ఒంటరిగా వచ్చిన పడవ వెడల్పు లాకులో రెట్టింపు నీరు తినేస్తుంది. పైగా ఫ్రాన్స్‌లో ఆ పని ప్రభుత్వం చేసింది, అదీ నూరేళ్ల తరవాత. ఇంగ్లండ్‌లో వాటాదార్ల సొమ్ముతో, ఆవిరి యంత్రాలు ఇంకా అరుదైన రోజుల్లో, పారలతో కొండ తొలిచారు. వెడల్పుగా తవ్వాలనుకుంటే కొన్ని కాలువలు అసలు పుట్టేవే కావు. అయినా ఆ కొలతకు తరవాతి తరాలు మూల్యం చెల్లించిన మాట నిజం, దాన్ని దాచకూడదు.

మూల్యం ఎక్కువగా చెల్లించింది పడవ కుటుంబాలు. రైళ్లు వచ్చాక కిరాయిలు పడిపోయాయి. చాలామంది గట్టు మీది ఇల్లు వదులుకుని, పడవ చివర పది అడుగుల గదిలో పిల్లలతో కాపురం పెట్టారు. 1877లో పార్లమెంటు పడవ ఇళ్లకు చట్టం చేయాల్సినంతగా ఆ ఇరుకు పెరిగింది. 1912లో బోలిండర్ నూనె ఇంజన్లు వచ్చాక మోటారు పడవ తన వెనక ఇంకో పడవను లాగడం మొదలై, జోడీకి 50 టన్నుల దాకా వచ్చింది. అయినా లారీ ముందు అది నిలవలేదు. చివరి దెబ్బ చలి కొట్టింది. 1962 క్రిస్మస్ మర్నాటి నుంచి మంచు పడింది. నడి ఇంగ్లండ్ 1740 తరవాత అంతటి చలికాలం చూడలేదు. పారే నది అంత తేలిగ్గా గడ్డకట్టదు. కాలువ నీరు నిలకడగా ఉంటుంది, లోతు నాలుగైదు అడుగులే. అది అడుగు దాకా 4 డిగ్రీలకు త్వరగా చల్లబడుతుంది. ఆపైన చల్లబడిన నీరు తేలికై పైనే ఉండి గడ్డకడుతుంది. వెనకటి రోజుల్లో పదీ పదిహేను మంది పడవ మధ్య కమ్మీ పట్టుకుని అటూ ఇటూ ఊపుతుంటే, వరసగా కట్టిన గుర్రాలు లాగి మంచు పగలగొట్టేవి. ఆ ఏడాది గడ్డ వారాల తరబడి కరగలేదు. బొగ్గు లారీలెక్కింది. చాలావరకు మళ్లీ పడవెక్కలేదు. నారోబోట్లపై చివరి దూరప్రాంత బొగ్గు ఒప్పందం 1970లో ముగిసింది.

చలిని దోషిగా నిలబెట్టడం మాత్రం తప్పు. 1959లో ఎం-1 రహదారి తెరుచుకున్నప్పుడే తీర్పు రాసి ఉంది, చలి దాన్ని అమలు చేసింది. అసలు ప్రశ్న, పని పోయిన యంత్రం ఎందుకు మాయం కాలేదని. 1939లో టామ్ రోల్ట్ 'క్రెస్సీ' అనే పడవలో కాపురం మొదలుపెట్టాడు. 1944లో అచ్చయిన ఆయన పుస్తకం చదివినవాళ్లతో 1946లో కాలువల పరిరక్షణ సంఘం పుట్టింది. కానీ పుస్తకాలూ సంఘాలూ మాత్రమే చాలవు, యంత్రం మనిషి చేతికి అమరాలి. ఏడడుగుల లాకు తలుపును ఒక్క మనిషి నడుముతో నెట్టగలడు. 300 టన్నుల పడవకు ఇది కుదరదు. 10 మిల్లీమీటర్ల ఉక్కు అడుగు, 6 మిల్లీమీటర్ల పక్కలు ఉన్న నేటి పడవ సన్నటి గది, కాబట్టి ఒక చిన్న బొగ్గు పొయ్యి దాన్నంతా వేడి చేస్తుంది. బయట గాలి సున్నా కిందికి పది డిగ్రీలు దిగినా, పడవ అడుగును తాకే నీరు సున్నాకు పైనే ఉంటుంది. ఇరుకుతనం ప్రమాదమూ తెస్తుంది. పొయ్యి గొట్టం సరిగా లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ అంత చిన్న గదిని తొందరగా నింపుతుంది. అందుకే దాన్ని పసిగట్టే అలారం ఇప్పుడు తప్పనిసరి. పలుచటి మంచును ఉక్కు చీల్చుకుపోగలదు, కానీ ఆ పెంకులు నీటి మట్టం దగ్గర నల్లరంగును గీకేస్తాయి, పక్కనున్న ఫైబర్‌గ్లాస్ పడవలనూ కోస్తాయి. తెలిసినవాళ్లు మంచు కరిగేదాకా ఆగుతారు.

కొందరి సరదా పడవలకు అందరి డబ్బు ఎందుకని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు గట్టు మీద ఉంది. గుర్రం కోసం వేసిన ఆ బాట మీద ఇప్పుడు పడవలతో పని లేనివాళ్లే ఎక్కువగా నడుస్తారు. ఆకు రాలిన శీతకాలంలో వంతెన మూలల ఇనప బద్దీలు కనిపిస్తాయి, ఇసుక అంటిన తడి తాళ్లు తరతరాలుగా ఒరిసి కోసిన వేలెడు లోతు గాళ్లతో. లండన్‌లో రీజెంట్స్ కాలువ గట్టు కింద 4 లక్షల వోల్టుల కేబుళ్లు పోతాయి, కాలువ నీరే వాటిని చల్లబరుస్తుంది. కొండల్లోని చెరువులను వదిలేయడమూ కుదరదు. 2019లో టాడ్‌బ్రూక్ చెరువు కట్ట దెబ్బతిన్నప్పుడు వేలీ బ్రిడ్జ్ ఊరి నుంచి సుమారు 1,500 మందిని ఖాళీ చేయించారు. పడవలు ఉన్నా లేకపోయినా ఈ యంత్రానికి కావలి కాయాల్సిందే. కాయక తప్పనప్పుడు నడిపించడమే తెలివి.

ఆ కావలి పని జరిగేది నవంబరు నుంచి మార్చి దాకా. లాకుకు రెండు వైపులా పలకలు దించి, నీరు తోడి, పాచి పట్టిన ఇటుక గోడలను బయటపెడతారు. ఓక్ తలుపు ఆయుష్షు పాతికేళ్లు. ఏ రెండు లాకులూ అచ్చంగా ఒకేలా ఉండవు కాబట్టి ప్రతి తలుపునూ దాని గదికి కొలిచి చేయాలి. 1770ల నాటి లాకుకు ఇది బహుశా పదో జత తలుపులు. కర్ర మారింది, పడవ కర్ర నుంచి ఉక్కుకు మారింది, లాగే గుర్రం పోయి ఇంజను వచ్చింది, బొగ్గు మోసిన చోట మనుషులు కాపురముంటున్నారు. వడ్రంగి టేపు పట్టి కొలిచే వెడల్పు మాత్రం, రాయికీ నీటికీ భయపడి బ్రిండ్లీ ఒప్పుకున్న ఆ ఏడడుగులే.