తలలో పారే నీరు

భవానీపురం గట్టు మీద నిలబడి చూస్తే కృష్ణ కదలనట్టే ఉంటుంది. దిగువన ప్రకాశం బ్యారేజీ ఆపిన నీరు కదా! కానీ పైనుంచి వచ్చేది వస్తూనే ఉంటుంది, కాలువలకు పోయేది పోతూనే ఉంటుంది. మన తలలోనూ అలాంటి నీరే ఉంది. డాక్టర్లు దాన్ని సీఎస్‌ఎఫ్ అంటారు, పుస్తకాల్లో మస్తిష్క మేరు ద్రవం. పెద్దవాళ్లలో ఎప్పుడు చూసినా ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లే. రోజుకు ఊరేది మాత్రం దాదాపు అర లీటరు.

మెదడు లోపలి గదుల్లో సన్నని రక్తనాళాల కుచ్చులు దీన్ని తయారుచేస్తాయి. అది మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ తిరిగి మళ్లీ రక్తంలో కలుస్తుంది. దాదాపు 1,400 గ్రాముల మెదడు ఈ నీటిలో తేలుతూ 50 గ్రాముల బరువే మోపుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు బ్యారేజీ 70 గేట్లూ ఎత్తారు. పుర్రెకు గేట్లు లేవు. దారి మూసుకుపోయినా ఊట ఆగదు. పసిబిడ్డకు ఎముకలు అతుక్కోలేదు కాబట్టి తల పెరుగుతుంది, మాడు ఉబ్బుతుంది. పెద్దవాళ్లకు ఆ వెసులుబాటు లేదు: తలనొప్పి, వాంతులు, మగత. అప్పుడు షంట్ అనే సన్నని గొట్టంతో ఆ నీటిని పొట్టలోకి మళ్లిస్తారు.

నన్ను బాధించేది వేరొకటి. జ్వరంతో మెడ బిగుసుకున్న బిడ్డకు "పరీక్షకు వెన్నులో నీరు తీయాలి" అంటే, కాళ్లు పడిపోతాయని ఇంట్లోవాళ్లు వద్దంటారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది గుచ్చేది దానికి కింద. సిజేరియన్‌కు నడుములో మత్తు ఇచ్చేదీ అక్కడే, చాలామంది తల్లులకు బాగా తెలిసిన చోటే. తీసేది కొద్ది మిల్లీలీటర్లు. పెద్దవాళ్లలో గంటకు 20 దాకా మళ్లీ ఊరుతుంది. కొందరికి తర్వాత కొన్నాళ్లు తలనొప్పి ఉంటుంది, నిజమే. తలలో ఒత్తిడి పెరిగిందన్న అనుమానం ఉంటే ముందు స్కాన్ తీస్తారు.

ఆరోగ్యవంతుల్లో ఈ నీరు తేటగా ఉంటుంది. మెదడు పొరలకు చీము పట్టే మెనింజైటిస్‌లో మసకబారుతుంది. వరిమళ్ల దోమలు మోసే జపనీస్ మెదడువాపును ఇందులోని యాంటీబాడీలు పట్టిస్తాయి. క్షయ మెనింజైటిస్‌ది మోసపు రూపం: చూపుకు తరచూ తేటగానే ఉంటుంది, పరీక్షిస్తే చక్కెర తగ్గి, ప్రొటీన్ పెరిగి కనిపిస్తుంది. ఆ జబ్బును వదిలేస్తే మెదడు అడుగున చిక్కటి పొర పేరుకుని నీటి దారులనే మూసేస్తుంది. ఆ తర్వాత క్షయ మందులు మొదలుపెట్టినా, అప్పటికే చేరిన నీటికి షంట్ వేయాల్సి రావచ్చు.